ఆదివారం పది నుంచి ఆరు దాకా

జూన్ 1, ఆదివారం

భువనేశ్ బిడ్డను ఆరు గంటలా ఆరు నిమిషాలకు తెచ్చాడు. వక్కీలు నిర్మల మేడమ్ ఇంగ్లిషులో రాయమన్న నోటుబుక్కులో అదే రాశాను. బిడ్డ ఎన్నింటికి వెళ్లింది, ఎన్నింటికి వచ్చింది, ఏం తిన్నది, ఒంటి మీద గీతలేమైనా ఉన్నాయా. ఈరోజు మోకాలి మీద దోమకాటు ఒకటి. అదీ రాశాను.

ఆ నోటుబుక్కు కోర్టుకు. ఇది నాకు. తెలుగులో రాస్తే, అందరూ తమిళం చదివే ఈ మూలకుళంలో చదవగలిగింది మా నాయన ఒక్కడే. నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది ఆయనే. ఒకరి పుస్తకం తెరిచే మనిషి కాదు. భువనేశ్ ఇంట్లో కూడా మాట్లాడేది తెలుగే, కానీ అక్షరం ముక్క ఎవరికీ రాదు. రెండున్నరేళ్లు కాపురం చేసినా నా తెలుగు చేతిరాత ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఆ మేరకు నేను బాగుపడ్డాను.

బిడ్డను దించి వెళ్లిపోకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు.

"ఇరవై రెండో తేదీ బీచ్ రోడ్డులో కచేరీ ఉండాది. అయిదున్నరకు మొదలు. ఆ ఒక్క రోజు ప్రీతూను ఎనిమిదికి తెస్తా."

"ఆరు అంటే ఆరే."

"అందుకే గదా అడగతా ఉండా."

"రెండేండ్ల బిడ్డకు కచేరీ ఏంది?"

"పాట వినబడితే చాలు, యాడ ఉంటే ఆడ నిలబడిపోతాది. నువ్వు చూడలా?"

నేను చూడలేదా? వారంలో ఆరు పగళ్లు, ఏడు రాత్రులు ఆ బిడ్డ నా దగ్గర ఉంటుంది. ఒక్క పగలు తీసుకెళ్లేవాడు నన్ను అడుగుతున్నాడు, చూడలేదా అని.

ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికి ఏమీ లేదు.

జూన్ 2

వద్దు.

జూన్ 3, మంగళవారం

వద్దని ఇంకా చెప్పలేదు. అతన్ని కొన్నాళ్లు ఎదురుచూడనీ.

అమ్మకు చెప్తే దోసె తిప్పుతూనే అంది. "అంత జనం కూట్టంలో బిడ్డను తోసేస్తే? ఆ స్పీకర్ల సత్తానికి చెవులు పోతే? వాడికి బిడ్డ అంటే బొమ్మ. ఊరికి చూపించుకొనేదానికి." నాయన పళ్లెంలోంచి తల ఎత్తలేదు. ఆయన ఎప్పుడూ ఎత్తడు.

అమ్మ చెప్పిందంతా నేను అనుకున్నదే. ఆమె నోట వింటే మాత్రం నాకు చిరాకు వేసింది.

అతనికి పాట అంటే పిచ్చి అని నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పుడు ప్రీతుకు ఎనిమిదో నెల. నేను స్నానానికి వెళ్తూ మంచం మీద బిడ్డను అతనికి అప్పగించి వెళ్లాను. నీళ్ల శబ్దంలో కూడా నాకు ఏడుపు వినబడింది. తడి బట్టలతో బయటికి వస్తే బిడ్డ నేల మీద ఉంది, నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. అతను మూడడుగుల దూరంలో కూర్చున్నాడు, చెవులకు హెడ్‌ఫోన్లు, కళ్లు మూసుకుని, వేళ్లతో తాళం వేస్తూ.

"రెండు నిమిషాలే ఆర్తి," అన్నాడు. ఆ మాట నేను మరిచిపోను. రెండు నిమిషాలే. ఆ వారమే పుట్టింటికి వచ్చేశాను.

జూన్ 5, గురువారం

మధ్యాహ్నం భోజనం వేళ నేను పనిచేసే ఫ్యాక్టరీ వెనక, అట్టపెట్టెల కట్టలు పేర్చిన చోటికి వెళ్లి నిర్మల మేడమ్‌కు ఫోన్ చేశాను. మేట్టుపాళయం యంత్రాల మోతలో మాట వినబడే చోటు అదొక్కటే. కచేరీ సంగతి చెప్పి, వద్దంటూ ఉత్తరం రాయాలా అని అడిగాను.

 ఆమె తమిళంలో మామూలు గొంతుతో చెప్పింది. "వద్దని ఎందుకంటారు? పోనివ్వండి."

అర్థం కాలేదన్నాను.

శనివారం రాత్రులు కూడా బిడ్డను తన దగ్గరే ఉంచుకుంటానని అతను పిటిషన్ వేసి ఉన్నాడు కదా, అది జూలై నాలుగున విచారణకు వస్తుంది కదా, అంది. రెండేళ్ల బిడ్డ, అంత జనం, అంత శబ్దం, పక్కన సముద్రం. ఎక్కడో ఒకచోట అజాగ్రత్తగా ఉండకపోడు. అది మన దగ్గర ఫోటోగా ఉంటే ఆ పిటిషన్ నిలవదు. "మీరు కూడా అక్కడికి వెళ్లండి. అతనికి కనబడకండి."

ఆమె కుట్రగా చెప్పలేదు. రోజూ చేసే పనిలా చెప్పింది. ఆమె పని అదే.

జూన్ 6

ఇది వల పన్నడం కాదు. మంచివాడైతే ఏమీ దొరకదు. దొరికితే అది అతని తప్పు. నేను చేసేది బిడ్డ కోసం.

జూన్ 8, ఆదివారం

సరేనన్నాను. నమ్మలేనట్టు చూశాడు.

"ఎనిమిది దాకానా?"

"ఎనిమిది దాకా."

"మనసు మారదు గదా?"

"నేనేమన్నా నువ్వా?"

అయినా నవ్వాడు. ప్రీతును ఎత్తుకుని గేటు అవతల రెండు సార్లు గిర్రున తిరిగాడు. అది కిలకిలమని నవ్వింది. పెళ్లయిన కొత్తలో ఆ నవ్వు కోసమే, ఆటపట్టిస్తూ అతన్ని 'మీరు' అనేదాన్ని. ఇప్పుడు ఆ నవ్వు చూస్తే నా ఒళ్లు మండిపోతుంది. ఇంత చిన్నదానికి ఇంత సంతోషపడే మనిషి, ఆ రోజు మంచం పక్కన ఎక్కడున్నాడు?

ఇంగ్లిషు నోటుబుక్కులో: తండ్రి కోరికపై తల్లి సహృదయంతో అంగీకరించింది. మేడమ్ చెప్పిన వాక్యం.

జూన్ 11, బుధవారం

ఫోన్లో ఫోటో పంపాడు. పిల్లల చెవులకు పెట్టే నీలం రంగు కప్పులు. శబ్దం తగ్గించేవి. "డాక్టర్‌ను అడిగే కొన్నాను. స్పీకర్లకు చాలా దూరంగా నిలబడతాము" అని కింద.

జవాబు ఇవ్వలేదు.

డాక్టర్‌ను అడిగాడట. మంచానికి ఒక దిండు అడ్డం పెట్టాలని ఏ డాక్టర్ చెప్పాలి?

జూన్ 12

ఆ కప్పులు ఆ రోజు ఇంట్లో మరిచిపోతే బాగుండు.

అలా అనుకోకూడదు. కానీ మరిచిపోతాడు. నాకు అతను తెలుసు.

జూన్ 15, ఆదివారం

బిడ్డను తీసుకుపోవడానికి ఈరోజు అత్త కూడా వచ్చింది. రాజాత్తి అత్త నాతో మాట్లాడి ఏడాదిన్నర. గేటు కమ్మీ పట్టుకుని నిలబడి అంది.

"కచేరీకి నువ్వు కూడా రా అమ్మణ్ణీ. ముగ్గురూ ఒక చోట నిలబడి ఎన్నాళ్లయింది. బిడ్డకు తెలియద్దా, దాని అమ్మా నాయనా ఒక చోట ఉంటారని."

"నాకు ఆ రోజు పని ఉంది అత్తా."

"ఆదివారం ఏం పని?"

"ఉంది."

వెనక నుంచి అమ్మ గట్టిగా దగ్గింది. అత్త గేటు కమ్మీ వదిలింది. ప్రీతు ఆ నీలం కప్పులు పెట్టుకుని వీధిలో నడిచింది. అలవాటు చేస్తున్నాడట. నేను పిలిచాను. తిరగలేదు. రెండోసారి గట్టిగా పిలిచినా తిరగలేదు. అవి అంత బాగా పనిచేస్తాయి.

జూన్ 19, గురువారం

మేడమ్ ఫోన్. ఫోటోలకన్నా వీడియో మేలట. సమయం కనబడాలి, అతని మొహం కనబడాలి, బిడ్డ కనబడాలి. "ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపకండి. ముక్కలు చేసిన వీడియో అయితే అవతలి వక్కీలు ఒప్పుకోడు."

ఒక కాగితం మీద రాసుకున్నాను. మధ్యలో ఆపకూడదు.

జూన్ 21

ఫోన్లో పాత వీడియోలన్నీ తీసేసి చోటు చేశాను. బిడ్డకు చేతుల్లేని నూలు గౌను తీసిపెట్టాను, చెమట పట్టకుండా.

జూన్ 22, ఆదివారం

బిడ్డ క్షేమం. మోచేతి మీద ఒక గీత, అంతే.

వీడియో ఉంది.

జూన్ 23, సోమవారం

మేడమ్‌కు పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేసింది. ఇరవై ఏళ్లలో ఇంత స్పష్టమైన సాక్ష్యం చూడలేదంది. "బిడ్డ గోడ దాటి రాళ్ల మీదికి పోతోంది, తండ్రి వీపు తిప్పి నవ్వుతున్నాడు. ఇంకేం కావాలి?"

అతను బిడ్డను వదిలేశాడు. నేను చూసిన వెంటనే పరిగెత్తాను. నేను అక్కడ లేకపోతే ఏమయ్యేదో. వెంటనే పరిగెత్తాను.

జూన్ 24

రెండు మూడు సెకన్లు పట్టి ఉంటుంది. మధ్యలో మనుషులు ఉన్నారు. ఎవరికైనా అంత పడుతుంది.

జూన్ 25, బుధవారం

పొద్దున అమ్మకు చూపించాను. అమ్మ గుండెలు బాదుకుని భువనేశ్‌ను, వాళ్ల అమ్మను, వాళ్ల వంశాన్ని తిట్టింది. పూజ గదికి వెళ్లి కర్పూరం వెలిగించింది. నాయన విత్తనాల కొట్టుకు బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాడు. "నాకూ చూపించు" అన్నాడు.

కళ్లజోడు సర్దుకుని చూశాడు. అయిపోయాక ఫోన్ తిరిగి ఇవ్వలేదు.

"ఇది తీసింది ఎవురు?"

"నేనే."

"ఇంకోసారి పెట్టు."

పెట్టాను. ఈసారి బిడ్డను చూడలేదు ఆయన. కింద కదిలే అంకెలు చూశాడు. పదకొండు దగ్గర బొమ్మ ఊగిపోయి నేల కనబడుతుంది. అక్కడ నేను పరుగు మొదలుపెట్టాను.

"వాడు చూడలేదు," అన్నాడు నాయన. "నువ్వు చూస్తా ఉండావు."

ఫోన్ నా చేతిలో పెట్టి కొట్టుకు వెళ్లిపోయాడు. అమ్మ ఏమిటి ఏమిటి అంటూ బయటికి వచ్చింది. నేను ఫ్యాక్టరీకి సెలవు చెప్పాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను. మొన్న రాసింది కొట్టేయను. అదీ ఉండనీ.

ఆదివారం అయిదింటికే వెళ్లాను. స్కూటర్ లోపలి వీధిలో పెట్టి, చున్నీ తల మీద కప్పుకుని, మాస్కు వేసుకుని, దీపస్తంభం పక్కన నిలబడ్డాను. అయిదూ నలభైకి వాళ్లు వచ్చారు. ప్రీతు అతని భుజాల మీద ఉంది, అత్త పక్కన నీళ్ల సీసా పట్టుకుని. స్టేజీ వైపు వెళ్లలేదు. చాలా వెనక, పాట వినబడుతుంది గానీ గుండెకు తగలదు, అలాంటి చోట ఆగారు. కప్పులు మరిచిపోలేదు. తనే పెట్టాడు. పావుగంటకోసారి తీసి, చెవుల వెనక చెమట తుడిచి, మళ్లీ పెట్టాడు. బిడ్డ తాళానికి సంబంధం లేకుండా అతని తల మీద చేతులతో వాయించింది. అతను ప్రతి దెబ్బకూ తల ఊపాడు.

యాభై నిమిషాలు. తీయడానికి ఏమీ లేదు. నాకు కోపం పెరిగిపోయింది. తప్పు చెయ్యి, తప్పు చెయ్యి అని లోపల్లోపల అతన్ని బతిమాలాను. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు.

ఆరున్నర దాటాక అత్త టాయిలెట్ వెతుక్కుంటూ వెళ్లింది. అతను మెడ నొప్పికేమో బిడ్డను కిందికి దించి చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు కదిరవన్ వచ్చాడు. అతని పాత స్నేహితుడు, మా పెళ్లిలో పాట పాడినవాడు. వెనక నుంచి వచ్చి వాటేసుకున్నాడు. భువనేశ్ అటు తిరిగాడు. చెయ్యి వదిలాడు.

నేను వీడియో మొదలుపెట్టాను.

ప్రీతు మనుషుల కాళ్ల మధ్య నుంచి సముద్రం వైపు నడిచింది. అక్కడి గోడ పెద్దవాళ్లకు మోకాలెత్తు. దానికి ఛాతీ దాకా. ఇంట్లో సోఫా ఎక్కినట్టే పొట్ట ఆనించి ఎగబాకింది. నేను ఫోన్లో చూస్తున్నాను. ఫోన్లో అది చాలా చిన్నదిగా ఉంది. ఒక కాలు అటు వేసింది. అతని వీపు, బిడ్డ, గోడ, మూడూ ఒకే బొమ్మలో పడ్డాయి. మధ్యలో ఆపకూడదు. ఆ మాట నిజంగా నా చెవిలో మోగింది. ఎంత బాగా వస్తోందో అని అనుకున్నాను. బిడ్డ రెండో కాలు వేసింది. అటువైపు జారింది. గోడ పైన రెండు నీలం కప్పులు మాత్రమే కనబడ్డాయి. తర్వాత అవీ కనబడలేదు.

అప్పుడు పరిగెత్తాను. పిలిచాను కూడా. ఆ కప్పుల్లోంచి దానికి నా గొంతు ఎలా వినబడుతుంది?

నల్లరాయి మీద నిలబడి ఉంది. ఒక పాదం రెండు రాళ్ల సందులో ఉంది. నీళ్ల తుంపర మొహం మీద పడితే నవ్వుతోంది. నేను దాన్ని లాగినప్పుడే మోచెయ్యి గీసుకుంది. ఆ గీత నేను పెట్టింది.

భువనేశ్ వచ్చేసరికి నేను గోడ మీద కూర్చుని ఉన్నాను, ఒళ్లో బిడ్డతో. అతని మొహంలో రక్తం లేదు. నేను అక్కడెందుకు ఉన్నానని కూడా అడగలేదు. "నేను చూడలేదు ఆర్తి. నేను చూడలేదు," అని అదే మాట అంటున్నాడు. అత్త వచ్చి నా రెండు చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. "ఏ దేవుడు పంపినాడో నిన్ను ఈడికి. నువ్వు తల్లివి. నువ్వే తల్లివి."

అప్పుడు నేనన్న మాట ఇది: "నీకు ఎప్పుడు కనబడింది గనక."

అతను తల దించుకున్నాడు.

జూన్ 26

పదకొండు సెకన్లు లెక్కపెట్టి చూశాను. అంత సేపట్లో ప్రీతు చెప్పు వేసుకోవడం కూడా వీలుపడదనుకునేదాన్ని. పడుతుంది. ఇంకా మిగులుతుంది.

జూన్ 28, శనివారం

మేడమ్ ఫోన్ చేసింది. నవ్వుతోంది. అవతలి వక్కీలు తనే ఫోన్ చేశాడట. భువనేశ్ పిటిషన్ వెనక్కి తీసుకుంటాడట. ఆదివారం పది నుంచి ఆరు కూడా వద్దట. రెండు గంటలు చాలు, అదీ మా ఇంట్లో, నా ఎదురుగా. వీడియో సంగతి అతనికి ఇంకా తెలియనే తెలియదు. అతనంతట అతనే అన్నాడట, బిడ్డను చూసుకునే యోగ్యత తనకు లేదని.

"సోమవారమే సంతకం పెట్టించుకుందాం. మనసు మారకముందే," అంది మేడమ్.

సరేనన్నాను.

అమ్మ పాయసం చేసింది. నాయన తినలేదు. షుగర్ అన్నాడు. ఆయనకు షుగర్ లేదు.

జూన్ 29, ఆదివారం

పది గంటలకు అతను రాలేదు. ప్రీతు చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడింది. పదిన్నర దాకా నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. "నాన్న" అంటూ రోడ్డుకేసి చెయ్యి చూపింది. అమ్మ బిస్కెట్ ఇస్తే గేటు కిందికి విసిరింది.

దాన్ని స్కూటర్ ముందు నిలబెట్టుకుని వైతికుప్పంలో అతని ఇంటికి వెళ్లాను. అమ్మ వెనక నుంచి అరుస్తూనే ఉంది, యాడికి, యాడికి అని.

ఇంటి ముందు చేపలవాళ్ల వలలు ఆరేసి ఉన్నాయి. అతను అరుగు మీద కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. మమ్మల్ని చూసి లేచాడు గానీ ముందుకు రాలేదు. బిడ్డ పరిగెత్తి కాళ్లు చుట్టేసింది. తాకడానికి భయపడుతున్నట్టు చేతులు పైకి పెట్టుకుని నిలబడ్డాడు.

"సంతకం పెడతానని చెప్పినా గదా," అన్నాడు. "ఇంకేంది?"

"నువ్వు చూడాల్సింది ఒకటి ఉంది."

ఫోన్ ఇచ్చాను. ఎండలో సరిగా కనబడక చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. గోడ దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు. అయిపోయింది. అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఆ సేపంతా నేను అతని మొహం చూస్తూ నిలబడ్డాను.

"ఎవురు తీసింది?"

"నేను."

"నువ్వు... అప్పుడే వచ్చినావు గదా?"

"అయిదింటి నుంచి ఆడనే ఉండా."

"ఎందుకు?"

"నువ్వు తప్పు చేస్తే పట్టేదానికి."

మళ్లీ పెట్టాడు. ఈసారి పెదవులు కదిలాయి. లెక్కపెడుతున్నాడు. అయిపోయాక నా వైపు చూశాడు. కొడతాడేమో అనుకున్నాను. అతను ఎప్పుడూ కొట్టలేదు. కొడితే బాగుండునని కూడా అనిపించింది.

"మా అమ్మ మణకుళ పిళ్లయార్ కోయిల్లో నీ పేరుకు అర్చన చేయించింది," అన్నాడు. గొంతు పైకి లేవలేదు. "ఈ వారం దినాలు నేను అన్నం తినలా. నా బిడ్డను నేను చంపేసుంటా, ఆర్తి కాపాడింది అని అందరికీ చెప్పినా. నువ్వు ఫోన్ పట్టుకుని నిలబడి ఉండావు."

"ఆమా, నిలబడి ఉండా."

"రేపు సంతకం పెట్టేసుంటా గదా. ఎందుకు చెప్పినావు?"

బిడ్డ కోసం అని నోటిదాకా వచ్చింది. నెల రోజులుగా ఆ మాట ఎన్నిసార్లు వాడానో నాకు తెలుసు. అనలేదు.

"నీ ఫోన్‌కు పంపించినా. మీ వక్కీలుకు చూపించుకో."

"చూపిస్తా. చూపించకుండా ఉంటాననుకుంటివా?"

"చూపించు."

"శనివారం రాత్రులూ అడుగుతా. పిటిషన్ వెనక్కి తీసుకోను."

"అడుగు. నేను వద్దనే చెప్తా. ఆ పొద్దు చెయ్యి వదిలింది నువ్వు."

"పో ఆర్తి. ఈడి నుంచి పో."

లోపలి నుంచి అత్త వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు. నా మొహం చూడలేదు. బిడ్డను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లింది. నేను స్కూటర్ తీశాను. అప్పటికి టైము పదకొండున్నర. ఆరు దాకా అతనిదే.

తిరిగి వచ్చి మేడమ్‌కు చెప్పాను.  "నాలుగో తేదీ కోర్టులో నేను ఏం మాట్లాడాలో మీరే రాసివ్వండి," అని పెట్టేసింది. ఆమె కోపం న్యాయమైనదే. అమ్మకు చెప్పాను. అమ్మ నాతో మాట్లాడడం లేదు. అందుకు నాకు నిజంగా బాధ లేదు. నాయన పొయ్యి దగ్గర నిలబడి తనే కాఫీ పెట్టి ఒక గ్లాసు నా ముందు పెట్టి వెళ్లాడు.

సరిగ్గా ఆరింటికి ఆటో ఆగింది. ప్రీతు అతని భుజం మీద నిద్రపోతోంది. బాగా ఆడి ఉంటుంది, పాదాల నిండా ఇసుక. అతను నా మొహంలోకి చూడలేదు, నేనూ చూడలేదు. చేతులు చాచాను. బిడ్డ బరువు నా చేతుల మీదికి వచ్చింది. కానీ అతని చేతులు దాని కింద అలాగే ఉన్నాయి.

"పట్టుకున్నావా?" అన్నాడు.

"పట్టుకున్నా."

వదలలేదు.

"సరిగ్గా పట్టుకున్నావా?"

ఆటో అతను హారన్ కొట్టాడు. నా మోచేతులకు అతని మోచేతులు తగులుతున్నాయి. ఆ అడగడంలో ప్రేమ లేదు, నా మీద నమ్మకం ముక్క కూడా లేదు. నేను బిడ్డ తల కిందికి చెయ్యి జరిపి, నడుమును ఛాతీకి ఆనించుకుని, అతనికి కనబడేలా చూపించాను.

"పట్టుకున్నాను. వదులు."

అప్పుడు వదిలాడు.